డాక్టరుగారి పది నిమిషాలు

మొన్న మా మండలాఫీసు ఎదుట ఎరువుల దుకాణం షట్టరును ఎవరో ఒక్క ఊపున కిందికి లాగారు. ఇనుము నేలకు కొట్టుకున్న ఆ చప్పుడుకు నా చేతిలోని పొలాల పహాణీ కాగితాలు జారిపోయాయి. ఎదురుగా ఉన్న రైతు వాటిని ఏరి ఇస్తూ, "ఏమైంది మేడం, పానం బాగలేదా?" అన్నాడు. బాగానే ఉందన్నాను. ఆ చప్పుడు నన్ను ఐదేళ్లు వెనక్కి, చిక్కడపల్లి సందులోని ఒక చిన్న క్లినిక్కులోకి తోసేసింది. అక్కడి డాక్టరు విశ్వనాథంగారు ఇప్పుడు లేరు. ఆయన గురించి ఒక విషయం నాకొక్కదానికే తెలుసు. నా గురించి ఒక విషయం ఆయనొక్కరికే తెలుసు.

రెండువేల తొమ్మిది వానాకాలంలో సిద్దిపేట దగ్గరి మా ఊరి నుంచి గ్రూప్ పరీక్షల కోచింగుకు వచ్చి, అశోక్‌నగర్‌లో ఒక హాస్టల్లో చేరాను. తరగతులు సాయంత్రం. పగటిపూట డాక్టరుగారి క్లినిక్కులో పని దొరికింది. చీటీలు రాయడం, బీపీ చూడడం, చిన్న గాయాలకు కట్లు కట్టడం ఆయనే నేర్పారు. ఆయనది రేపల్లె. అక్కడ ప్రాక్టీసు పెట్టిన కొత్తలోనే సైన్యంలో మెడికల్ ఆఫీసరుగా చేరి, డెబ్బై ఒకటి యుద్ధంలో తూర్పు సరిహద్దులో పనిచేశారట. సందులో అందరికీ ఆయన మిలిటరీ డాక్టరే. ప్రభుత్వం ఇచ్చిన ప్రశంసాపత్రానికి ఆయన భార్య ఫ్రేము కట్టించి గోడకు తగిలించారు. ఆయన దాని మీద పెద్ద క్యాలెండరు వేలాడదీశారు. ఏడాది మారితే పాతది తీసిన చేత్తోనే కొత్తది తగిలించేవారట, మధ్యలో ఆ గోడను ఎవరూ చూడకుండా.

ఆ ఆగస్టులో నారాయణగూడ నుంచి ఒక స్కూలు హెడ్‌మాస్టరు వచ్చి, జెండా వందనానికి పిలిచారు. పిల్లలకు యుద్ధం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు.

"నా వల్ల కాదండీ," అన్నారు డాక్టరుగారు.

"మీలాంటి ధైర్యవంతులు చెబితేనే కదండీ పిల్లలు వింటారు."

"అందుకే వద్దంటున్నాను."

హెడ్‌మాస్టరు నొచ్చుకుని వెళ్లిపోయారు. కాసేపటికి పక్కనున్న కిరాణా కొట్టు షట్టరు ధడాలున పడింది. డాక్టరుగారు రెండు చేతులతో బల్ల అంచు పట్టుకున్నారు. వేళ్లు తెల్లబడేదాకా పట్టుకున్నారు. నేను చూశానని ఆయనకు తెలుసు. "తర్వాతి పేషెంటును పిలువమ్మా," అన్నారంతే.

చలికాలం వచ్చేసరికి ఉద్యమం రాజుకుంది. బందుల మీద బందులు. పరీక్షలు వాయిదా పడ్డాయి. విద్యానగర్ వైపు నుంచి గాలి వీస్తే బాష్పవాయువుకు కళ్లు మండేవి. ఎప్పుడు ఎవరు పరుగెత్తుకొస్తారో, వాళ్ల వెనక ఎవరు వస్తారో తెలియదు. తెలంగాణ రావాలని నాకూ ఉండేది, కానీ ఊరేగింపులో నడవడానికి కాళ్లాడేవి కావు. హాస్టల్లో నన్ను పిరికిదానా అనేవాళ్లు. సందులో కొందరు డాక్టరుగారిని చూసి, "ఆంధ్రాయన గదా, ఎప్పుడు పోతడో," అనుకునేవాళ్లు. ఆయన మాత్రం రోజూ తొమ్మిదింటికి క్లినిక్కు తెరిచేవారు.

ఒక మధ్యాహ్నం సందులో ఒక్కసారిగా అరుపులు, పరుగులు. షట్టరు సగం దించేలోపే ఒక విద్యార్థి తన స్నేహితుడిని భుజాన వేసుకుని లోపలికి దూరాడు. వెనకే నేను షట్టరు పూర్తిగా దించేశాను.

"సార్, జర చూడుండ్రి. అద్దం మీద పడ్డడు. రక్తం ఆగుతలేదు."

పడుకోబెట్టిన అబ్బాయి పేరు రమేశ్. తొడ లోపలివైపు లోతుగా తెగింది. డాక్టరుగారు గజ్జ దగ్గర బొటనవేళ్లతో అదిమి, నా వైపు చూశారు. "ఇక్కడ నొక్కిపట్టు. నేను తెగిన రక్తనాళానికి ముడి వేస్తాను. వదిలితే బతకడు." స్నేహితుడిని అంబులెన్సు ఎక్కడుందో చూసి తీసుకురమ్మని వెనక దారిన పంపారు. నేను నొక్కాను. నా అరచేతి కింద వేడిగా ఏదో కొట్టుకుంటోంది. రమేశ్ కళ్లు మూతలు పడుతున్నాయి.

అప్పుడే గుమ్మం ముందు ఏదో పేలింది. షట్టరు కింది నుంచి తెల్లటి పొగ లోపలికి పాకింది. కళ్లలో కారం కొట్టినట్టయింది. బయట ఎవరో షట్టరును కర్రతో బాదుతున్నారు.

"సార్, నాతోని కాదు," అన్నాను.

ఆయన నా ముఖంలోకి చూశారు. కోప్పడలేదు. నా చేతుల కిందుగా తన చేతులు పెట్టి, "నువ్వు వెళ్లమ్మా. నేను పట్టుకుంటాను," అన్నారు.

నేను వెళ్లిపోయాను. వెనక తలుపు తీసుకుని, చెప్పులు కూడా లేకుండా, అశోక్‌నగర్ దాకా పరుగెత్తాను. చేతులకు రక్తం. నన్ను చూసి జనం పక్కకు తప్పుకున్నారు. హాస్టల్ గేటుకు లోపలి నుంచి తాళం వేసుంది. ఎంత కొట్టినా తీయలేదు. ధైర్యం తెచ్చుకుని తిరిగి వెళ్లానని చెప్పుకోవాలని ఎన్నోసార్లు అనిపించింది. నిజం అది కాదు. పోవడానికి మరో చోటు లేక వెళ్లాను.

డాక్టరుగారు అలాగే ఉన్నారు. ఒక్క చేయి కూడా ఖాళీ లేక ముడి వేయలేకపోయారు. అరవై ఐదేళ్ల భుజాలు వణుకుతున్నాయి. పొగకు కళ్ల నుంచి నీళ్లు ధారగా కారుతున్నాయి. నన్ను చూసి, "వచ్చావా. ఇక్కడ," అన్నారు. నేను నొక్కాను. ఆయన ముడి వేశారు. కాసేపటికి స్నేహితుడు అంబులెన్సుతో వచ్చి తీసుకెళ్లాడు. రమేశ్ బతికాడు.

వాళ్లు వెళ్లాక నేల కడుగుతూ ఏడ్చాను. ఆయన స్టూలు మీద కూర్చుని, క్యాలెండరు వైపు చూస్తూ చెప్పారు.

"బడి గదిలో దెబ్బతిన్నవాళ్లకు వైద్యం చేస్తున్నాం. ఒక జవానుకు ఇలాగే తొడలో గాయం. నేను పట్టుకుని ఉన్నాను. ఫిరంగి గుళ్లు దగ్గర్లో పడటం మొదలైంది. నా పక్కన కుట్టన్ అని నర్సింగ్ అసిస్టెంటు, కేరళ కుర్రాడు. మీరు వెళ్లండి సార్, నేను పట్టుకుంటాను అన్నాడు. నేను వెళ్లి బయట తవ్విన గోతిలో పడుకున్నానమ్మా. పది నిమిషాలు. చప్పుడు ఆగాకే బయటికొచ్చాను. కుట్టన్ వీపు నిండా ఇనుప ముక్కలు. చచ్చిపోయి ఉన్నాడు, కానీ ఆ జవాను మీదే ఒరిగి ఉన్నాడు. ఆ బరువుకే రక్తం ఆగింది. జవాను బతికాడు. బతికించింది నేనని రాసి, ఆ కాగితం ఇచ్చారు."

"మీరు చెప్పలేదా సార్?"

"చెబుదామనే అనుకున్నాను. వాళ్లింటికి ఉత్తరం రాద్దామనీ అనుకున్నాను. మొదటి ఏడాది భయం. తర్వాత ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదంటారేమోనని ఇంకా భయం. భయం పాతబడితే తగ్గదమ్మా."

రెండు నెలలకు రమేశ్ కుంటుకుంటూ వచ్చాడు. ఆయనకు దండం పెట్టి, నా వైపు తిరిగి, "అక్క, నువ్వు చెయ్యి తియ్యకుండ పట్టినవంట. సార్ చెప్పిండు," అన్నాడు. నేను డాక్టరుగారి వైపు చూశాను. ఆయన తలెత్తకుండా మందుల చీటీ రాస్తున్నారు. నేను నోరు విప్పలేదు. అతను వెళ్లాక అడిగాను, ఎందుకలా చెప్పారని.

"తిరిగొచ్చి పట్టుకున్నావుగా. మిగతాది చెప్పాలో వద్దో నువ్వు చూసుకో. నీ మీద నేను చెప్పను."

రెండువేల పన్నెండులో నాకు వీఆర్వో ఉద్యోగం వచ్చింది. మరుసటి ఏడాది ఆయన పోయారు. పరామర్శకు వెళ్లినప్పుడు ఆయన భార్యను అడిగాను, కేరళకు ఎప్పుడైనా ఉత్తరం రాశారా అని. "కేరళలో మాకెవరున్నారమ్మా?" అన్నారావిడ.

రమేశ్ ఇప్పుడు కాలేజీలో పాఠాలు చెబుతున్నాడు. ప్రతి రాఖీ పండుగకూ ఫోను చేసి, "అక్క, నీ చెయ్యి చల్లగుండ," అంటాడు. ప్రతిసారీ చెప్పాలనుకుంటాను. ప్రతిసారీ కాలు ఎలా ఉందని మాత్రం అడిగి పెట్టేస్తాను. ఇక గోతిలో పడుకోవడం నా వల్ల కాదు. తమ్ముడూ, ఆ రోజు నేను నీ మీద నుంచి చేతులు తీసేసి పారిపోయాను. నీ ప్రాణం పట్టుకుని నిలబడింది ఆ ముసలాయన ఒక్కరే. ఇది అచ్చయ్యాక మొదటి ప్రతి నీకే పంపుతాను. ఈ మాట రాస్తుంటే చేతులు చల్లబడుతున్నాయి.