మూడో కుర్చీలో మా నాయన

దయ్యాలు, ఆత్మలు అని ఎవరైనా మొదలుపెడితే లేచి వెళ్లిపోయే రకం నేను. దిల్‌సుఖ్‌నగర్ దగ్గర ఒక రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తాను. కంటికి కనిపించినదాన్ని కూడా ఇంకోసారి చూసుకుని గానీ రిపోర్టు రాయం. ఇక్కడా అంతే. నేను చూసింది, విన్నది మాత్రమే రాస్తున్నాను.

తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజులవి. మా నాయనది నల్లగొండ దగ్గర పల్లె. ఎల్బీ నగర్‌లో మోటార్ వైండింగ్ షాపు ఉండేది. బంద్ అంటే అందరికంటే ముందు షట్టర్ దించేసి, చౌరస్తాలో దీక్ష టెంటు కింద కూర్చునేవాడు.

మా ఆయన రవి వాళ్లది విశాఖ దగ్గర భీమిలి. వాళ్ల నాన్న కాలంలోనే వచ్చి వనస్థలిపురంలో స్థిరపడ్డారు. మా పెళ్లికి నాయన అడ్డు చెప్పలేదు గానీ, ఉద్యమం వేడెక్కాక మా ఇంటికి రాకపోకలు తగ్గించాడు. రవితో మాటలూ తగ్గాయి. భీమిలిలో రవి బంధువుల పెళ్లి ఉంటే మాతో రమ్మని బతిమాలాను.

"మీరు పోయి రాండ్రి బిడ్డా" అన్నాడంతే. ఆయన అప్పటిదాకా సముద్రం చూడలేదు.

పెళ్లి అయ్యాక, తను చిన్నప్పుడు తిరిగిన వీధులు చూపిస్తానని రవి నన్ను బీచ్ రోడ్డుకు తీసుకెళ్లాడు. ఇడ్లీకి పొద్దుపోయింది, అన్నానికి ఇంకా పొద్దు కాలేదు. సముద్రానికి ఎదురుగా ఒక పాత పెంకుటిల్లు. ముందు గదిని చిన్న కేఫ్‌గా మార్చారు. పేము కుర్చీలు, కిటికీలకు పూల తెరలు, టేబుళ్ల మీద నేల దాకా వేలాడే గుడ్డలు. నడిపేది రాజ్యలక్ష్మి గారని ఒక పెద్దావిడ. వంటా ఆవిడే, వడ్డనా ఆవిడే. కిటికీ పక్కన కూర్చుని పెసరట్టు ఉప్మా, కాఫీ చెప్పాం.

ఆవిడ మూడు ప్లేట్లు తెచ్చింది. కాఫీలతో పాటు ఒక టీ కూడా తెచ్చి ఖాళీ కుర్చీ ముందు పెట్టింది.

"ఇద్దరమేనండి" అన్నాడు రవి.

"మరి పెద్దాయనో? మీ వెనకే వచ్చి ఇక్కడే కూర్చున్నారు కదండీ. చేతులు కడుక్కోడానికి లేచినట్టున్నారు."

ఎలా ఉన్నారాయన అని నవ్వుతూనే అడిగాను.

"బక్కగా, పొడుగ్గా. భుజం మీద గళ్ల తువ్వాలు. ‘జర చాయ్ ఇప్పియ్యమ్మా’ అన్నారు. హైదరాబాదు మాటే కదండీ అది."

నా నవ్వు ఆగిపోయింది. ఆ తువ్వాలు, ఆ మాట రెండూ మా నాయనవే. రవి పెరట్లో కుళాయి దాకా వెళ్లి చూసొచ్చాడు. ఎవరూ లేరు. ముగ్గురం మళ్లీ టేబుల్ వైపు తిరిగేసరికి టీ సగం సాసర్‌లో ఉంది. నాయన సాసర్‌లో పోసుకునే తాగుతాడు. కప్పు ఒలికిందేమో అనుకున్నాను. గుడ్డ మీద చుక్క కూడా లేదు.

వెంటనే నాయనకు ఫోన్ చేశాను. పక్క షాపు నర్సింహన్న ఎత్తాడు.

"చెల్లె, పరేషాన్ గాకు. నాయన టెంట్ల కూసున్నోడు కూసున్నట్టే పడిపోయిండు. దవాఖానకు తెచ్చినం. ఇంకా కండ్లు తెరుస్తలేడు."

పెసరట్టు అలాగే వదిలేసి బయల్దేరాం. ఆ తర్వాత నాయన ఫోన్ మళ్లీ కలవలేదు. రైల్లో రాత్రంతా నేను ఒకటే అనుకున్నాను: ఆయన నా దగ్గరికి వీడ్కోలు చెప్పడానికే వచ్చాడని. రవికి చెప్పే ధైర్యం రాలేదు. తనూ అదే అనుకున్నాడట.

మేం చేరేసరికి నాయన మంచం మీద కూర్చుని గ్లూకోజ్ బిస్కెట్లు తింటున్నాడు. ఎండకు, ఉపవాసానికి షుగర్ బాగా పడిపోయింది. రిపోర్టు నేనే చదివాను, అనుమానించడానికేమీ లేదు. ఏడుపొచ్చేసింది. ఆయన మాత్రం నన్ను దాటి రవి వైపు చూశాడు.

"అల్లుడా, మీ ఊరు మంచిగుంది."

"ఏ ఊరు మామయ్యా?"

"గదే, నీళ్ల ఒడ్డుకు. నేను పిలుస్తనే ఉన్న, మీరు అటు దిక్కు చూస్తున్రు. గా టేబుల్ కింద మిషన్ తొక్కుడు పలక ఉంది సూడు, కాలు పెడితే ఊగుతది."

కేఫ్ సంగతి మేం ఎవరికీ చెప్పలేదు. పైగా టేబుల్ కింద ఏముందో నేనూ చూడలేదు, రవీ చూడలేదు. బంధువుల దగ్గర నంబర్ తీసుకుని, రవి నా ముందే రాజ్యలక్ష్మి గారికి ఫోన్ చేశాడు.

"అవునండి, మా అమ్మ కుట్టుమిషన్ స్టాండు. పైన చెక్క వేయించాను. మీకెవరు చెప్పారు?" అందావిడ.

షుగర్ పడిపోతే కలలు, భ్రమలు వస్తాయని మా ల్యాబు డాక్టర్ అన్నాడు. నాయనకు వచ్చిన భ్రమ రాజ్యలక్ష్మి గారికి ఎలా కనిపించిందని అడిగితే, ఆయన కళ్లజోడు తుడుచుకుని తర్వాతి రిపోర్టు అందుకున్నాడు.

ఆ తర్వాత నాయన రవితో మామూలుగా ఉండసాగాడు. తెలంగాణ వచ్చాక ఒకసారి ఆయన్ని భీమిలి తీసుకెళ్లాం. కేఫ్‌లో అడుగు పెట్టగానే రాజ్యలక్ష్మి గారు ఆయన్ని కాసేపు పరీక్షగా చూసి, కిటికీ పక్క కుర్చీ లాగింది. ఆయనా దారి తెలిసినవాడిలాగే వెళ్లి కూర్చున్నాడు.

తిన్నాక ఇసుకలో నడుస్తూ అడిగాను, ఆ రోజు ఎట్ల వచ్చినవు నాయనా అని.

"నేనేడ ఒచ్చిన బిడ్డా. మీరే తోల్కపోయిన్రు."

మేమే తీసుకెళ్లామన్న ఆ మాటను ఎన్నిసార్లు తిప్పి చూసుకున్నా, ఇవాళ్టికీ నాకు అందలేదు.