మెంతులు మొలవని కుండీలు

పంజాగుట్టలో నేను అద్దెకున్న గది మేడ మీద ఉండేది. కింద ఇంటావిడ ఒక్కరే. కూతురు మాసబ్ ట్యాంక్‌లో ఉంటుంది. చేరిన రోజున "ఆంటీ" అని పిలిస్తే, "ఆంటీ గీంటీ వద్దు, పెద్దమ్మ అను" అంది. ఆ వెంటనే, "ఇంట్ల నీసు వండొద్దు, తేవొద్దు" అంది. రెంటికీ బుద్ధిగా తలూపాను. మొదటి మాట మాత్రం నిలబెట్టుకున్నాను.

పెద్దమ్మ పుట్టుకతో శాకాహారి కాదు. వాళ్ళది మెదక్ వైపు రైతు కుటుంబం. భర్త లక్డీకాపూల్‌లో సర్కారు కొలువు చేసి, రిటైరయ్యాక జబ్బుపడి పోయారు. వాళ్ళలో కాల్చరు, పూడుస్తారు. ఊళ్ళో సొంత చేలోనే పూడ్చారు. ఆ తర్వాత పత్తి వేస్తే చేనంతా ఏపుగా పెరిగింది గానీ, ఆయన ఉన్న ఆ కాస్త చోట గడ్డి కూడా మొలవలేదు. చేను చేసుకునే మరిది చూసి, "అన్న మనసుల ఏదో ఉన్నది వదినె, శాంతిస్తలేడు" అన్నాడట. ఆ మాట పెద్దమ్మ మనసులో నాటుకుపోయింది. అక్కడ పచ్చగా మొలిచేదాకా నీసు ముట్టనని ఒట్టు పెట్టుకుంది.

"నేనేం తక్వ చేసిన్నో తెలుస్తలేదు బిడ్డా" అని సాయంత్రాలు మెట్ల మీద కూర్చుని చెప్పేది. నేను పగలంతా అమీర్‌పేటలో, మైత్రీవనం వెనక సందులో ఒక కోచింగ్ సెంటర్‌లో బయాలజీ చెప్పి వచ్చి, టెస్టు పేపర్లు దిద్దుకుంటూ ఊఁ కొట్టేదాన్ని. పాతకాలపు నమ్మకాలు, మనమేం చెప్పగలం అనుకునేదాన్ని. చదువుకున్నదాన్నన్న పొగరు అప్పట్లో నాకు కాస్త ఎక్కువే.

ఆ చదువేమిటో కూడా చెప్పాలి. ఉద్యోగం చేస్తూనే ఫోరెన్సిక్ సైన్స్‌లో పీజీ చదువుతున్నాను. అందులో నేను పట్టుకున్న విషయం టాఫోనమీ. ప్రాణం పోయాక ఒంటికి ఏమవుతుంది, ఏది ముందు కుళ్ళుతుంది, ఏది ఎన్నాళ్ళు మిగులుతుంది, ఏ మట్టి దేన్ని దాచిపెడుతుంది అని చూసే శాస్త్రం. పెళ్ళిచూపుల్లో గొప్పగా చెప్పుకునే చదువు కాదు. ప్రాజెక్టు కోసం పన్నెండు మట్టి కుండీలు కొన్నాను. ఆరింటిలో తలా ఒక కోడికాలు జానెడు లోతున పూడ్చాలి. మిగతా ఆరింటిలో, పోల్చి చూడటానికి, ఉత్త మట్టి. కొన్నాళ్ళాగి తవ్వి మాంసం ఎంత పోయింది, ఎముక ఏ రంగుకు తిరిగింది, మట్టి ఎలా మారింది రాసుకోవాలి. కాలేజీలో ఎండ తగిలే చోటు దొరకలేదు. పెద్దమ్మ మేడ మీద ఎండకు కొదవలేదు.

అది శ్రావణ మాసం. చికెన్ కొట్టు వెలవెలబోతోంది. కొట్టు భాయ్ నన్ను చూసి సంబరపడ్డాడు. చర్మం తీయకూడదు, ఆరు కాళ్ళూ ఒకే బరువుండాలి అంటే తూచి తూచి అలసిపోయి, "ఫ్రైకా మేడమ్, కర్రీకా?" అని అడిగాడు. ఏం చెప్పాలో తోచక ఫ్రైకి అన్నాను. లాప్‌టాప్ బ్యాగులో దాచి మెట్లెక్కాను. నేను మట్టి నింపుతుంటే పెద్దమ్మ వచ్చి, "ఏం చెట్లు పెడ్తున్నవ్ బిడ్డా?" అంది. "చెట్లు కాదు పెద్దమ్మా, మట్టి పరీక్ష" అన్నాను. అబద్ధం కాదుగా అని నాకు నేనే సర్టిఫికెట్ ఇచ్చుకున్నాను. కుండీల మీద మార్కర్‌తో అంకెలు వేశాను. బేసి అంకెల్లో కోడి, సరి అంకెల్లో ఉత్త మట్టి.

వినాయక చవితికి ముందు నాకు టైఫాయిడ్ వచ్చింది. నాన్న వచ్చి ఒంగోలు తీసుకెళ్ళాడు. కోలుకుని తిరిగి వచ్చేసరికి పెత్రమాస, చనిపోయిన పెద్దల పేరున బియ్యమిచ్చే అమావాస్య. గుమ్మంలోనే పెద్దమ్మ, "మంచి రోజు వచ్చినవ్. గింత పాలిపోయినవేంది? కాళ్లు కడుక్కొని తిను" అంది. భర్త ఫోటో ముందు విస్తరి వేసి ఉంది. అన్నం, గారెలు, మెంతికూర పప్పు. ఇన్నాళ్ళూ జావ తాగిన నోరు కదా, ఆ పప్పు మూడుసార్లు వడ్డించుకున్నాను.

"ఇంత లేత మెంతికూర ఎక్కడ కొన్నారు పెద్దమ్మా?"

"కొన్నుడేంది? నీ కుండీలల్లదే."

చేతిలో ముద్ద కంచంలో పెట్టేశాను.

"చవితికి ఇల్లు కడిగి జాజు పూస్తుంటె కండ్లవడ్డయ్. మీద ఏవో పిచ్చి గీతలున్నయ్. అన్నిటికి మంచిగ జాజు పూసి, ముగ్గు పెట్టి, గోడ పొంటి వరుసగ పెట్టిన. ఉత్తగ ఎందుకుండాలె అని మెంతులు చల్లిన. మస్తుగున్నది బిడ్డా నీ మన్ను!"

పైకి పరుగెత్తాను. పన్నెండు కుండీలూ ఎర్రమట్టి జాజు పూతతో, తెల్లటి ముగ్గు చుక్కలతో పెళ్ళివారిలా నిలబడి ఉన్నాయి. అంకెలు లేవు, వరుసా లేదు. ఆరింటిలో కోసిన మెంతి మొదళ్ళు, ఆరు బోడిగా. ప్రాజెక్టంతా గంగలో కలిసిందని ఒక్క నిమిషం ఏడుపొచ్చింది. ఆ తర్వాత కింద ఫోటో ముందున్న విస్తరి గుర్తొచ్చింది. మాంసం కుళ్ళితే ఎరువు. ఎరువుంటే పైరు. అంటే పచ్చగా మొలిచినవే కోడికాళ్ళ కుండీలు. భర్త కోసం నీసు వదిలేసిన మనిషి చేత, ఆ భర్తకే, కోడి మీద మొలిచిన కూర వడ్డింపజేశాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

చెప్పేయాలని రోజూ అనుకున్నాను. బతుకమ్మ తొమ్మిది రోజులూ పూలు తెచ్చి ఇచ్చాను, వరుసలు పేర్చడానికి సాయం చేశాను, సత్తుపిండి ముద్దలు పెడితే తిన్నాను. చెప్పడం మాత్రం రేపటికి, ఎల్లుండికి వాయిదా వేస్తూ వచ్చాను. ఇల్లు ఖాళీ చేయమంటుందన్న భయం కొంత ఉంది. అంతకంటే, ఆ మొహం ఎలా మారుతుందో చూడలేనన్న భయమే ఎక్కువ. ఆవిడ దసరాకు ఊరెళ్ళింది. వెళ్తూ, "ఈసారన్న పచ్చగయిందేమో చూసొస్త" అంది.

మర్నాడు పొద్దున్నే గరిటె లాంటి చిన్న తాపీ పట్టుకుని మేడెక్కాను. పచ్చగా మొలిచిన కుండీ ఒకటి ముందు తవ్వాను. అడుగుదాకా మట్టి, మెంతి వేళ్ళు, ఒక వానపాము. ఎముక లేదు. పక్కదీ అంతే. మూడోది కూడా తవ్వి చూసి, బోడి వాటివైపు తిరిగాను. బోడి కుండీలో తాపీ దింపితే, నల్లగా జిగటగా మట్టి, ముక్కు మూసుకునేంత కంపు, అందులో ఎముక. ఆరు బోడి కుండీల్లోనూ ఆరు కాళ్ళు!

పక్క మేడ మీద బట్టలు ఆరేస్తున్నావిడ తిరిగి చూసేంత గట్టిగా నవ్వాను. ఇది నాకు తెలియని సంగతా? పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదే. ఏదైనా కుళ్ళుతున్న చోట మొదట్లో మట్టికి ఘాటు ఎక్కుతుంది, గాలి ఆడదు, పచ్చి పేడకుప్పలో వేసిన విత్తనంలా గింజ మాడిపోతుంది. పచ్చదనం ఆ తర్వాతెప్పుడో వస్తుంది. పుస్తకంలో ఉంటే తెలిసింది, మేడ మీద ఉంటే తెలియలేదు. నా మార్కర్ కంటే పెద్దమ్మ మెంతులే కుండీలను సరిగ్గా విడదీసి పెట్టాయి. ఆవిడ తిన్నదీ, ఆయనకు పెట్టిందీ ఉత్త మట్టిలో పెరిగిన కూరే. గుండెల మీంచి బండ దిగింది. ఇక ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు అనుకుని, ఆ రోజు రెండు ప్లేట్లు ఇడ్లీ తిన్నాను.

పెద్దమ్మ రెండ్రోజులకు వచ్చింది. తాళం కూడా తీయకుండా మెట్టు మీద కూలబడింది.

"ఇప్పుడు సుత మొలవలే బిడ్డా. చుట్టు పత్తి నడుం దాకున్నది. గా జాగల గడ్డిపోస లేదు." నాకెప్పుడూ చెప్పనిది అప్పుడు చెప్పింది. "దవాఖానల ఉన్నప్పుడు నన్ను ఊరికి తీస్కపో అని నా చెయ్యి వట్టుకొని అడిగిండు. డాక్టర్లు వద్దన్నరు. నేను తీస్కపోలే. గదే మనసుల వెట్టుకున్నడు."

నాకు చెంప మీద కొట్టినట్టయింది. ఏడాదిగా ఈ మనిషి ఈ మెట్ల మీద అడుగుతున్న ప్రశ్నకు జవాబు నా పుస్తకంలో ఉంది, నా మేడ మీద ఆరు కుండీల్లో ఉంది. నేను పేపర్లు దిద్దుకుంటూ కూర్చున్నాను.

"పైకి రండి పెద్దమ్మా" అన్నాను.

కుండీలు చూపించి, కొట్టు దగ్గర్నుంచి పప్పు దాకా అంతా చెప్పేశాను. ఆవిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"నా ఇంట్ల కోడిని పూడ్చినవా?"

"అవునండి."

"ఆరు కోళ్లా?"

"కాళ్ళు మాత్రమే."

"మట్టి పరీక్ష అంటివి! సిగ్గనిపియ్యలేదా?"

చాలాసేపు తిట్టింది. అన్నీ నాకు తగినవే. తిట్టి తిట్టి అలసిపోయి, బోడి కుండీల ముందు నిలబడింది. పచ్చటివి చూసింది, మళ్ళీ బోడివి చూసింది. చివరికి నెమ్మదిగా అడిగింది.

"మరి గీ కోళ్లకు సుత నా మీద కోపమేనా?"

"కోళ్ళకు కోపమేంటి పెద్దమ్మా! మట్టి తన పని చేసుకుంటోంది."

అప్పుడు చెప్పాను. మనిషిని లోతుగా పెడతారు కాబట్టి కుండీలో జరిగినదంతా అక్కడా అలాగే జరుగుతుందని ఒట్టేయలేనన్నాను. కానీ గుంత తవ్వితే అడుగున ఉండే సారం లేని మొరం పైకి వస్తుంది, కింద జరిగేది కింద జరుగుతుంది, నేల మళ్ళీ కుదురుకోవడానికి ఏళ్ళు పడుతుంది. ఆ తర్వాత చుట్టుపక్కల కంటే ఒత్తుగా మొలిచిన చోట్లు కూడా ఉన్నాయన్నాను.

"ఇంకోపారి చెప్పు" అంది. చెప్పాను. మూడోసారి ఫోన్‌లో మరిదికి చెప్పించింది.

"మీద మట్టి ఎర్రగా గరుగ్గా ఉందాండీ?" అని అడిగాను.

"ఉన్నది మేడం, అంత మొరమే. గందుకేనా? నేనేదో అనుకొని వదినెను ఊకె బాధ వెట్టిన" అన్నాడాయన, గొంతు తగ్గించి.

పెద్దమ్మ ఫోన్ లాక్కుంది. "ఇన్నవా? మీ అన్నకు ఏ కోపం లేదు. ఇగ గా మాట మల్ల ఎత్తకు." ఫోన్ పెట్టేసి, గోడకు ఆనుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఇంత హాయిగా ఎప్పుడూ ఏడవలేదు.

కిందికి వెళ్ళి మొహం కడుక్కుని, ఒక కాగితం, పెన్ను పట్టుకుని మళ్ళీ వచ్చింది.

"ఆయన పక్కపొంటి నాకు సుత జాగ పెట్టిన్రు బిడ్డా. నన్ను పెట్టినంక సుత కొన్నేండ్లు ఏం మొలవదు గదా?"

"మొలవకపోవచ్చు."

"అయితే రాసియ్యి. మాసబ్ ట్యాంక్‌ల ఉంటదే మా బిడ్డ, అది ఉత్త పిచ్చిది. అమ్మకు నా మీద కోపమొచ్చిందని కూసుండి ఏడుస్తది."

మొరం సంగతి, మట్టి సంగతి, ఏళ్ళు పట్టే సంగతి పెద్ద పెద్ద అక్షరాలతో రాశాను. చదివించుకుని విని, తల అడ్డంగా ఊపింది.

"కోపం లేదు అన్నది ఏడ రాసినవ్? అది అన్నిటికన్న మీద రాయి."

మీద రాశాను.