ఫోను ఎత్తని మనిషి

ఫోను మోగితే ఎత్తకుండా, తల వంచి మోతలు లెక్కపెట్టే మనిషిని నేను ఒక్కణ్ణే చూశాను. ఆయన కోడుమూరు పల్లెల్లో సైకిల్ మీద తిరిగే పశువైద్య సహాయకుడు. సెల్‌ఫోన్లు కొత్తగా వచ్చిన రోజులవి. రైతులకు ఖర్చు కాకూడదని ఆయనే ఒక నియమం పెట్టాడు: మిస్డ్‌కాల్ ఒకటైతే జ్వరం, వెంటనే రెండోదీ వస్తే పశువు ఈనలేక అవస్థ పడుతోందని.

ఒకనాడు రాళ్ల దారి చప్పుడులో, జేబులోని ఫోను ఆయనకు వినబడలేదు. చూసుకొని వెళ్లేసరికి ఒక ఒంటరి స్త్రీ ఎనుము, ఆమె పాడిగేదె, చనిపోయింది. మరునాటి నుంచే ఫోనును హ్యాండిల్‌కు బిగించే పనిలో పడ్డాడు. అక్కడి బడిలో పంతులుగా ఉన్న నేను ఆ ప్రయత్నాలన్నీ డైరీలో రాసుకున్నాను. సబ్బుపెట్టెలో పెడితే మోత అణగిపోయింది. ట్యూబు ముక్కతో కడితే కుదుపులకు బ్యాటరీ ఊడిపడింది. చివరకు పాత హవాయి చెప్పును కోసి కింద పరచి, పైన ట్యూబుతో బిగించాడు.

టీ అంగడి దగ్గర ఒక ఆసామి నవ్వాడు. “ఏమప్పా, చెప్పు మింద పెట్టిన ఫోను చెవికాడ పెట్టుకుంటావా?”

“ఎత్తేదే లేదన్నా. ఎన్నితూర్లు మోగెనో లెక్కబెట్టేదే,” అని ఆయన సైకిలెక్కాడు.

నాకు ఒళ్లు మండింది. ఆ ఎనుము చచ్చిననాడు మీలో ఒక్కరైనా ఆ ఇంటి గడప తొక్కారా అని ఆసామిని గట్టిగానే అడిగాను.

అంతలో, రాళ్ల దారిలో ఇరవై గజాలు పోయిన ఆయన చటుక్కున ఆగాడు. తల వంచి విన్నాడు. ఫోను రెండోసారి మోగింది. సైకిల్ తిప్పి, ఎదురుగాలిలో మా ముందునుంచే తొక్కుకుంటూ పోయాడు.

సాయంత్రం తిరిగి వచ్చినప్పుడు ఆయన చొక్కా చేతులు మోచేతుల దాకా తడిసి ఉన్నాయి.

“పెయ్యదూడ సార్. లేచి పాలు తాగతాండాది.”