వద్దక్క గోడౌన్

దానమిచ్చిన ఆవుకు పళ్ళు లెక్కపెట్టకూడదన్నారు పెద్దలు. వద్దక్క ఆ పెద్దల మాట ఏనాడూ విన్నది కాదు. ఎవరైనా పాత కుర్చీ తెచ్చి గోడౌన్ గుమ్మంలో దింపితే ముందు దాని నాలుగు కాళ్ళూ పట్టుకుని ఊపుతుంది. తలకిందులు చేసి, కీళ్ళ సందుల్లో నల్లులున్నాయేమో వెతుకుతుంది. ఆ తర్వాత తనే ఎక్కి కూర్చుని, తెచ్చినవాళ్ళ మొహంలోకి చూస్తూ అటూ ఇటూ ఊగుతుంది. కుర్చీ కిర్రుమందా, అయిపోయింది. "మీ ఇంట్లోకి పనికిరానిది ఇంకొకళ్ళ ఇంట్లోకి ఎలా పనికొస్తుందండీ?" అని అడిగి, దాన్ని వచ్చిన బండిలోకే ఎక్కించేస్తుంది. పుణ్యం కోసం వచ్చిన పెద్దమనుషులు చెమటలు తుడుచుకుంటూ వెళ్ళిపోతారు. వెళ్ళినవాళ్ళలో సగంమంది, చెప్పొద్దూ, మరుసటి నెల మంచి కుర్చీ పట్టుకుని మళ్ళీ వస్తారు.

అందుకే ఆవిడకు వద్దక్క అని పేరొచ్చిందనుకుంటే పొరపాటే. ఆ పేరు ఇచ్చేవాళ్ళు పెట్టింది కాదు, తీసుకునేవాళ్ళు పెట్టింది.

బస్సులు కడిగే షెడ్డు వెనక రేకుల కప్పు కింద ఉంటుంది ఆ గోడౌన్. ఒక గోడకు విప్పిన మంచాలు, ఇంకో గోడకు బీరువాలు, నడుమ బల్లలు, కుర్చీలు, గిన్నెల స్టాండ్లు. బయట ఎండలో పరుపులు. ఒక్కో మంచం కోళ్ళలో మరిగే నీళ్ళు పోసి, ఉప్పుకాగితం రుద్ది, దాని బోల్టుల్ని గుడ్డలో మూటగట్టి దానికే కట్టేదాకా వద్దక్క చెయ్యి ఊరుకోదు. ఏళ్ళ తరబడి షెల్టర్లలోనో, బంధువుల వరండాల్లోనో తలదాచుకుని, చివరికి తమదంటూ ఒక గది దొరికినవాళ్ళు అక్కడికి వస్తారు. ఇల్లు కట్టి చూడు అన్నవాళ్ళు, తాళంచెవి చేతపట్టుకుని ఖాళీ ఇంట్లోకి అడుగుపెట్టి చూడు అనడం మరిచిపోయారు. కూర్చోవడానికి పీటైనా లేని గదిలో ఏం మాట్లాడినా మన మాటే మనకు తిరిగి వినిపిస్తుంది. ఆ చప్పుడు పోగొట్టడమే తన ఉద్యోగమంటుంది వద్దక్క.

అక్కడ పైసా అడగరు. కానీ ఒక షరతుంది. చూపించినవాటిలో ఒక్కదాన్నైనా వద్దనాలి. అలా అనేదాకా సామాను చేరవేసే వ్యాను కదలదు. డ్రైవరు బాబాయి ఈ సంగతి తెలిసినవాడు గనక, ఎవరైనా రాగానే బండి దిగి తీరిగ్గా టీ తెప్పించుకుంటాడు.

ఈ పిచ్చి షరతు ఊరికే పుట్టలేదు. వయసులో ఉన్నప్పుడు వద్దక్కకూ ఇల్లు లేదు. పదిళ్ళ వాకిళ్ళు తిరిగి తిరిగి, చివరికి ఒక్క గది సంపాదించుకుంది. ఆ సంగతి తెలిసి కొందరు మంచివాళ్ళు లారీనిండా సామాను వేసుకొచ్చారు. నిజంగా మంచివాళ్ళే, వాళ్ళనేమీ అనడానికి లేదు. ఎనిమిదిమంది కూర్చునే భోజనాల బల్ల గది నడుమ పెట్టారు. ఏనుగంత బీరువాను ఉన్న ఒక్క కిటికీకి అడ్డంగా నిలబెట్టారు. చప్పట్లు కొట్టి, ఫొటో తీసుకుని వెళ్ళిపోయారు. తేరగా వచ్చినదానికి వంకలు పెడితే ఏమనుకుంటారోనని ఈవిడ నోరెత్తలేదు. అప్పటినుంచి పట్టపగలు లైటు వేసుకుని బతికింది. బల్ల చుట్టూ పక్కవాటుగా నడిచి నడిచి, దాని మూల తగిలి, తొడమీద కమిలిన మచ్చ ఏళ్ళపాటు మానలేదు. చివరికి ఒక మధ్యాహ్నం ఏ పూనకం వచ్చిందో, బీరువాకు భుజం ఆనించి పక్కకు నెట్టేసింది. వెనక కిటికీ, కిటికీలోంచి ఎండ. తను ఆ ఇంట్లోకి వచ్చింది లారీ వచ్చిన రోజున కాదు, ఆ రోజునే అని చెబుతుంది. అన్నిటికీ బాగుంది బాగుంది అనేది చుట్టం, ఇది బాగాలేదు అనేది ఇంటిమనిషి అన్నది ఆవిడ సిద్ధాంతం. పుస్తకాల్లో దొరికేది కాదది, తొడమీద మచ్చ నేర్పింది.

ఆ సిద్ధాంతానికి సరైన పరీక్ష ఒక ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టే అమ్మాయి రూపంలో వచ్చింది. నోట్లో నాలుక లేని మనిషి. మంచం చూపిస్తే "బాగుందక్కా" అంది. దానికన్నా పొట్టి మంచం చూపిస్తే అదీ బాగుందంది. వద్దక్క కావాలనే, పగిలిన అద్దమున్న అలమర ఒకటి ముందుకు లాగింది. దాన్ని అక్కడ ఉంచిందే ఇలాంటివాళ్ళ కోసం. అందరూ దాన్ని చూసి మొహం చిట్లిస్తారు, షరతు తీరిపోతుంది, బాబాయి టీ గ్లాసు కింద పెడతాడు. లాండ్రీ అమ్మాయి మాత్రం ఆ పగుల్లో తన మొహం రెండు ముక్కలుగా చూసుకుని, "పర్వాలేదక్కా, ఏదైనా సరే" అంది.

వద్దక్కకు కోపం ముక్కుమీదే ఉంటుంది. అడగందే అమ్మైనా పెట్టదంటారే, నువ్వు అడగనూ అడగవు, కాదననూ కాదనవు, నీ ఇల్లు నేనెలా నింపేదని కసిరింది. అప్పుడు ఆ అమ్మాయి అసలు విషయం చెప్పింది. అద్దె కట్టలేక ఇల్లు పోయి షెల్టరుకు వెళ్ళేటప్పుడు, కూతురిని పొరుగూళ్ళో ఉన్న చెల్లెలి దగ్గర వదిలింది. మూడేళ్ళయింది. మధ్యలో వెళ్ళి చూసిరావడానికి వీలు చిక్కలేదు, ఫోన్లో గొంతు వినడమే. ఇప్పుడు గది దొరికింది. చెల్లెలు వచ్చే ఆదివారం పిల్లను వెంటబెట్టుకుని వస్తానంది. నచ్చితే ఉంటుంది, లేకపోతే సాయంత్రం తనతోనే తిరిగొస్తుంది, బలవంతం మాత్రం చెయ్యనంది. అందులో తప్పుపట్టడానికి ఏమీ లేదు.

"పిన్ని ఇంట్లో అది దేనికీ పేచీ పెట్టదటక్కా. ఏం పెడితే అది తింటుంది. ఎక్కడ పడుకోమంటే అక్కడ పడుకుంటుంది. మా చెల్లెలు మెచ్చుకుంటుంటే వినలేక నేను ఫోను పెట్టేశాను" అంది.

వద్దక్క కోపం ఎక్కడిదక్కడే చల్లారిపోయింది. ఎన్నో ఏళ్ళలో మొదటిసారి, వద్దు అనకుండానే, పగిలిన అద్దం అలమరతో సహా శనివారం వ్యానులో పంపుతానంది. బాబాయి నమ్మలేక, సగం టీ చొక్కామీద ఒలకబోసుకున్నాడు. "ఒక వద్దు నాకు బాకీ ఉన్నావు, గుర్తుపెట్టుకో" అని మాత్రం ఆ అమ్మాయికి గట్టిగా చెప్పింది.

అక్కడితో ఆగినా బాగుండేది. జాలి పుట్టిన వద్దక్కను ఆపడం కోపమొచ్చిన వద్దక్కను ఆపడంకన్నా కష్టం. కూర్చుని చూడనివాళ్ళకు కుర్చీ ఇవ్వకూడదని ఊరందరికీ చెప్పే మనిషి, ఆ పిల్లను చూడకుండానే చదువుకునే బల్ల తయారుచేస్తానని పూనుకుంది. పిల్ల ఎంత ఎత్తుంటుందని అడిగితే, తల్లి తడుముకోకుండా అరచెయ్యి తన నడుం దగ్గర పెట్టి చూపించింది. ఇంత ఉంటుందక్కా అంది. ఆ కొలతకు వద్దక్క ఒక మంచి టేకు బల్ల కాళ్ళు కోయించింది. అంచులు నున్నగా రుద్ది, సొరుగుకు కొత్త పిడి బిగించి, చిలకపచ్చ రంగు వేసింది. ఎండేదాకా ఎవర్నీ దగ్గరికి రానివ్వలేదు. గోడౌన్లో అంత ముద్దుగా తయారైన సామాను ఇంకోటి లేదని తనే నలుగురికీ చెప్పుకుంది.

శనివారం సామాను దింపడానికి వద్దక్క కూడా వెళ్ళింది. మంచం ఎక్కడ వెయ్యమంటావని అడిగితే మీ ఇష్టమంది లాండ్రీ అమ్మాయి. వద్దక్క గుమ్మం దగ్గర చతికిలబడి కూర్చుంది. బాబాయి మంచం పట్టీ భుజాన వేసుకుని మెట్లమీదే నిలబడ్డాడు. పాపం ఆయన భుజం నొప్పి చూడలేక ఆ అమ్మాయి చివరికి ఒక గోడవైపు వేలు చూపించింది. వేలే, నోరు కాదు. బల్లను కిటికీ కింద పెట్టారు. చిన్న గది. కిటికీ కింద చిలకపచ్చ బల్ల పడగానే ఇల్లంతా నవ్వినట్టైందని వద్దక్కకు అనిపించింది. అది ఆవిడకొక్కదానికే అనిపించిందని తర్వాత తేలింది.

ఆదివారం వద్దక్కకు ఏ పనీ తోచలేదు. కడిగిన స్టూలునే మళ్ళీ కడిగింది. ఈపాటికి వచ్చి ఉంటారని ఒకసారి, ఈపాటికి భోజనాలై ఉంటాయని ఒకసారి బాబాయికి ఫోను చేసింది. సెలవునాడైనా నన్ను బతకనివ్వమ్మా అని ఆయన మొత్తుకున్నాడు. పిల్ల ఉండిపోయిందా, వెళ్ళిపోయిందా అన్న ఆ ఒక్క ప్రశ్నతోనే ఆవిడకు పొద్దుపోయింది.

సోమవారం సాయంత్రం గోడౌన్ సందులోకి ఒక తోపుడుబండి మలుపు తిరిగింది. బండిమీద చిలకపచ్చ బల్ల. బండి ముందు లాండ్రీ అమ్మాయి, కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

వద్దక్క చేతిలోని గుడ్డ జారిపోయింది. పిల్ల వెళ్ళిపోయింది. బల్ల తిరిగొచ్చింది. ఇంకెవరికైనా పనికొస్తుందని తెచ్చి ఉంటుంది, అలాంటి పిచ్చిదే అది. బల్ల దింపడానికి వద్దక్క గుమ్మంలోంచి పక్కకు జరిగి చోటిచ్చింది.

బండి దగ్గరికొచ్చి ఆగింది. బల్ల వెనక నుంచి ఒక తల పైకి లేచింది. రెండు జడలు, పొడుగాటి మెడ, తల్లి భుజం దాటిన ఎత్తు. అప్పటిదాకా వంగి బండిని తోసుకుంటూ వచ్చింది ఆ పిల్ల.

"అమ్మమ్మా, ఈ బల్ల చేసింది మీరేనా?" అంది. "కూర్చుంటే మోకాళ్ళు కొట్టుకుంటున్నాయి. రంగు కూడా బాలేదు."

లోకమంతా అక్క అని పిలిచే మనిషికి ఒకే ఊపిరిలో మూడు దెబ్బలు. బాబాయి వ్యాను చాటుకు వెళ్ళి నవ్వుకున్నాడు. వద్దక్కకు ఒక్క క్షణం, ఉన్నమాటే చెప్పాలి, రోషం పొడుచుకొచ్చింది. టేకు బల్ల, అంత నున్నగా రుద్దింది, రంగుకేమొచ్చింది అని నోటిదాకా వచ్చింది. అంతలో తల్లి మొహం చూసింది. ఉబ్బిన ఆ కళ్ళు ఏడ్చినవే గానీ, అది దుఃఖం కాదు.

తల్లి చెప్పింది. ఆదివారం పొద్దుటినుంచీ పిల్ల అన్నీ బాగున్నాయంది. గది బాగుంది, మంచం బాగుంది, అన్నం బాగుంది. ఒక్కో బాగుందీ తను వేళ్ళమీద లెక్కపెట్టుకుంది. సాయంత్రమయ్యేసరికి చెల్లెలు సంచి సర్దడం మొదలుపెట్టింది. పిల్ల వెళ్ళి కిటికీ కింద బల్ల దగ్గర కూర్చుంది. మోకాళ్ళు పట్టలేదు. పక్కకు తిరిగి చూసింది, కాళ్ళు చాపి చూసింది.

"అప్పుడందక్కా, అమ్మా, ఈ బల్ల వద్దు, మార్చేద్దాం, రోజూ దీనిమీదేగా నేను రాసుకోవాలి అని." తల్లి పిల్ల జడ ఒకటి ముందుకు తీసి సర్దింది. "రోజూ అందక్కా. మా చెల్లెలు పిల్ల బట్టలు సంచిలోంచి తీసి అలమరలో పెట్టేసింది."

వద్దక్క కొంగుతో మొహం తుడుచుకుంది. ఎండకు చెమట అని బాబాయితో అంది గానీ, అప్పటికి ఎండపోయి చాలాసేపయింది. బల్ల కింద చెక్కలు వేసి ఎత్తు పెంచుతానని, కావలిస్తే రంగూ మారుస్తానని బేరం పెట్టింది. చేసిన చెయ్యి కదా, అంత తొందరగా వదులుకోలేకపోయింది.

"వద్దక్కా" అంది లాండ్రీ అమ్మాయి. అని తనే ఉలిక్కిపడింది. తర్వాత కాస్త నిటారుగా నిలబడి, "కాళ్ళకి చెక్కలు కడితే ఊగుతుంది. దానికి సరైన బల్ల కావాలి" అంది.

బాకీ తీరింది. ఆ తర్వాత తల్లీకూతుళ్ళు గోడౌనంతా కలయదిరిగారు. పిల్ల ప్రతి బల్ల దగ్గరా కూర్చుని చూసింది. ఒకటి ఎత్తంది, ఒకటి కంపు కొడుతుందంది, ఒకదాని సొరుగు తెరుచుకోవడం లేదంది. వద్దక్క వెనకాలే తిరుగుతూ, అన్ని మాటలూ పడింది. చివరికి పిల్ల గోధుమరంగు బల్ల ఒకటి ఎంచుకుంది. చూడ్డానికి ఏమీ బాగుండదు. కానీ మోకాళ్ళు హాయిగా పట్టాయి.

చిలకపచ్చ బల్ల గోడౌన్లోనే ఉండిపోయింది. పగిలిన అద్దం అలమర లాండ్రీ అమ్మాయి ఇంటికి పోయింది గనక, ఇప్పుడు కొత్తగా ఎవరొచ్చినా వద్దక్క ముందుగా ఆ బల్లనే చూపిస్తుంది. ఇది నేనే చేశాను, ఎలా ఉందని అడుగుతుంది. వాళ్ళు మొహమాటంగా అటూ ఇటూ చూసి, కాస్త పొట్టిగా ఉందండీ, వద్దులెండి అంటారు. అన్నప్పుడల్లా ఆవిడ మొహం వెలిగిపోతుంది. బాబాయి టీ గ్లాసు కింద పెట్టి, వ్యాను తలుపు తీస్తాడు.