మేనమామ లేని ఆల్బమ్

మార్కాపురంలో చాలా ఏళ్లు ఫోటో స్టూడియో నడిపిన మా అత్త పోయిందన్న కబురు నాకు గిద్దలూరులో, ఒక ఏడాది పిల్లవాడి పుట్టినరోజు ఫంక్షన్‌లో అందింది. కెమెరా చేతిలో ఉండగా ఫోన్ రెండుసార్లు మోగింది, కట్ చేశాను. మూడోసారి చూస్తే అత్త తమ్ముడి నంబరు. "అక్క పొద్దున పోయింది పాపా. నిద్రలోనే పోయింది" అన్నాడు. అప్పటికే కొవ్వొత్తి వెలిగించారు. కేకు కోయడం, పిల్లవాడు కొవ్వొత్తిని చూసి ఏడవడం, వాళ్ల జేజమ్మ ముక్క నోట్లో పెట్టడం, అన్నీ తీసి ఆ తర్వాతే బస్టాండుకు వెళ్లాను. మధ్యలో వదిలేసి వచ్చానని తెలిస్తే తిట్టే మనిషి ఆమె ఒక్కతే. అందుకే వదలలేదు.

నేను చేరేసరికి దండ వేసిన ఫోటో గోడకు ఉంది. ఆ ఫోటో కోసం ఎవరూ వెతుక్కోలేదు. రెండేళ్ల కిందటే తనకు నచ్చినట్టు తీయించుకుని, ఫ్రేము కట్టించి, మేకు కూడా తనే కొట్టించుకుంది. "నేను పోయినాక మీరంతా ఏడ్చుకుంటా పెద్దది చేయిస్తే మొహం చెదురుతది. ఇప్పుడే అయిపోతే సరి" అందట.

అత్త అన్నానే గానీ ఆమెకూ మాకూ చుట్టరికం లేదు. పదో తరగతి హాల్‌టికెట్ ఫోటో కోసం వెళ్లి మేడమ్ అని పిలిచాను. "మేడమ్ ఏంది, అత్తా అను" అంది. ఆ రోజు నుంచి అదే వరస.

భర్త పోయాక స్టూడియో ఆమె చేతికి వచ్చింది. పని ఆయనకంటే ఆమెకే బాగా వచ్చని బజారులో అందరికీ తెలుసు. అయినా పెళ్లిళ్లకు ఆమెను పిలిచేవారు కాదు. తాళి కట్టే వేళ మొగుడు పోయిన మనిషి ఎదురుగా నిలబడితే ఎట్లా అని వాళ్ల సంకోచం. ఆ మాట నోటితో ఎవరూ అనలేదు. "మీ కాడ పిల్లోళ్లు ఎవరన్నా ఉన్నారా అక్కా, పంపిస్తావా" అని అడిగేవారు, అంతే. అందుకని ఆమె పిల్లలకు పని నేర్పడం మొదలుపెట్టింది. పెళ్లి పందిట్లో మేము ఉంటే, ఆమె వంటలు చేసేచోట కుర్చీ వేసుకుని కూర్చునేది. అక్షింతలు పడిపోయాయని తెలిశాకే లేచి ముందుకు వచ్చేది. దీన్ని త్యాగం అని రాయను. ఆమెకు దుకాణం నడవాలి, మాకు చేతిఖర్చుకు డబ్బు కావాలి. రెండూ కుదిరాయి.

మాది కొనకనమిట్ల వైపు ఒక పల్లె. ఇంట్లో గొర్రెలు, వానను నమ్ముకున్న నాలుగెకరాలు. ఇంటర్ అయ్యాక చదువు మానిపిస్తారని నా భయం. నా ఖర్చు నేను సంపాదించుకుంటే ఆ మాట రాదని నా ఆలోచన. స్టూడియోలో పని నేర్చుకుంటానంటే నాయన ఒకే షరతు పెట్టాడు. "ఎవరన్నా ఒక్కరు మన ఇంటికొచ్చి, మీ పాప మా పని చెడగొట్టింది అన్నారంటే, ఆ పొద్దుతో సరి. ఫోటోలూ లేవు, కాలేజీ లేదు."

మొదటి నెల అత్త నాకు కెమెరా ఇవ్వలేదు. "నీ ఫోన్‌తోనే రోజుకొక మనిషిని తీసుకురా. తెలియకుండా తీసింది నాకొద్దు. అడిగి తియ్యి. అడిగేది వచ్చినాక కెమెరా ఇస్తా" అంది. నాకు కొత్తవాళ్లతో మాట్లాడటం చావుతో సమానం. టీ కొట్టు ఆయన్ను అడగడానికి మూడు రోజులు పట్టింది. ఆయన వెంటనే సరేనన్నాడు, ఆ మూడు రోజులూ నేను పడ్డ అవస్థ ఆయనకు తెలియదు.

మనుషులను నవ్వమని ఆమె ఎప్పుడూ అనేది కాదు. "నవ్వండి అంటే పళ్లు కనపడతాయి, మనిషి కనపడడు" అనేది. పల్లె నుంచి వచ్చినవాళ్లను స్టూలు మీద కూర్చోబెట్టి, "మీ ఊళ్లో వాన పడిందా?" అని అడిగేది. పడితే మొహంలో ఒక వెలుగు, పడకపోతే ఒక దిగులు. రెండిట్లో ఏదైనా ఆమెకు పనికొచ్చేది. బేస్తవారిపేట నుంచి వచ్చిన ఒక పెద్దాయన మాత్రం, "వాన సంగతి నీకెందుకమ్మా, పాస్‌బుక్కుకు ఫోటో తియ్యి" అన్నాడు. దానికి ఆమే నవ్వింది, ఆమెను చూసి ఆయనా నవ్వాడు, అప్పుడు తీసింది.

డబ్బు వచ్చే పని ఎక్కడ దొరుకుతుందని ఒకరోజు అడిగాను.

"మీ ఇంట్లో ఏముంది?"

"గొర్రెలు."

"ఇంక నీకేం కరువు?"

వెక్కిరిస్తోందనుకున్నాను. కాదు. పొట్టేళ్లను ఇప్పుడు సంతకు తోలకముందే వాట్సాప్‌లో చూసి బేరం మాట్లాడుకుంటున్నారు. ఆ ఫోటోలేమో పైనుంచి తీసినవి, జీవం పొట్టిగా, చిక్కిపోయినట్టు కనపడుతుంది. గొంతుక్కూర్చుని, దాని కంటి ఎత్తులో, పక్కనుంచి తీయమంది. మా నాయన ఇంకొకటి చెప్పాడు, పళ్లు చూడకుండా ఎవడూ కొనడు, నోరు తెరిచి ఒకటి తియ్యమని. పక్కింటి చిన్నాయన మూడు పొట్టేళ్లు ఇంటి దగ్గరే అమ్ముడుపోయాయి. ఆ మొదటిసారి నేను డబ్బు అడగలేదు. "మంచిది. ఒకసారి ఉత్తగా తీసియ్యి, నీ పని తెలుస్తది. రెండోసారీ ఉత్తగానే తీసినావంటే నీ విలువ వాళ్లకూ తెలియదు, నీకూ తెలియదు" అంది అత్త. రెండోసారి అడిగాను. చిన్నాయన గొణుక్కుంటూ ఇచ్చాడు, ఇచ్చాక ఊరంతా చెప్పాడు. తర్వాత మార్కాపురంలో ఒక బట్టల దుకాణంవాళ్లు వారానికొకసారి కొత్త చీరలు తీయించుకున్నారు. ఆ డబ్బుతో నా బస్‌పాసు, పుస్తకాలు గడిచాయి.

మీ ఇంట్లో పదహారేళ్ల పిల్లలుంటే, వాళ్లు ఫోన్ వదలడం లేదని మీకు విసుగ్గా ఉంటే, ఈ భాగం వాళ్లకు చదివి వినిపించండి. కెమెరా కొనివ్వమంటే మాత్రం వెంటనే కొనకండి.

నేను ఏడాది తిరిగేసరికే పెద్దదాన్నయిపోయాననుకున్నాను. బేస్తవారిపేట దగ్గర ఒక పల్లెలో ఓణీల ఫంక్షన్ ఒప్పుకున్నాం. అత్త దగ్గర ఒక పద్ధతి ఉండేది. ఫంక్షన్‌కు ముందు రోజు ఆ ఇంటికి వెళ్లి, డబ్బిచ్చేవాళ్లను కాదు, ఆ ఇంట్లో అందరికంటే పెద్ద ఆడమనిషిని అడగాలి, ఎవరెవరు వస్తున్నారు, ఎవరు తప్పకుండా ఫోటోలో పడాలి అని. "ఆల్బమ్ అడిగేది పిల్ల, చూసేది అవ్వ" అనేది. నేను వెళ్లలేదు. అవ్వతో నాకేం పని అనుకున్నాను. ఫంక్షన్ పిల్లది నా ఈడే. ఇన్‌స్టాలో ఆమెనే అడిగాను. ఆమె పంపిన జాబితాలో పన్నెండు ఫోజులు, రెండు రీల్స్, ఎనిమిదిమంది స్నేహితురాళ్లు ఉన్నారు. మేనమామ లేడు.

కురిచేడు నుంచి ఆ మేనమామ, పొలం తగాదాతో చెల్లెలి గడప తొక్కడం మానేసినవాడు, మేనకోడలికి ఓణీ బట్టలు పెట్టాలని ఆరేళ్ల తర్వాత వచ్చాడు. ఇంట్లోకి రాగానే పళ్లెంలో బట్టలు పెట్టి పిల్ల చేతికి ఇచ్చాడు, ఆమె వాటిని కట్టుకోవడానికి లోపలికి వెళ్లిపోయింది. ఆ అయిదు నిమిషాలూ నేను బయట బెలూన్ల గేటును నాలుగు వైపులనుంచి తీస్తున్నాను. అత్త ఎప్పటిలాగే వంటల దగ్గర ఉంది.

వారం తర్వాత ఫోటోలు ఫోన్లకు వెళ్లాయి. మేనమామ మొదటినుంచి చివరిదాకా చూసి, "బెలూన్లకు ఉన్న మర్యాద నాకు లేకపాయె. నన్ను పిలిచినట్టే లెక్క లేదు" అని ఫోన్ పెట్టేశాడట. పిల్ల తల్లి ఏడుస్తూ స్టూడియోకు ఫోన్ చేసింది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు నేను కెమెరా మెమరీ కార్డులన్నీ వెతికాను. ఆయన అన్నం తింటున్నది ఒకటి ఉంది, అదీ వెనకనుంచి. దాన్ని కోసి, వేరే ఫోటోలో అతికిద్దామన్నాను.

"పెట్టినోడికి తెలియదా, అక్కడ నువ్వు లేవని?" అంది అత్త. అంతకుమించి తిట్టలేదు. "డబ్బు తీసుకున్నాక నువ్వు చిన్నపిల్లవు కాదు. పద కురిచేడు."

"మా నాయనకు తెలిస్తే నన్ను మానిపిస్తాడు అత్తా."

"తెలుస్తది. ఎవరో పోయి చెప్పేదానికంటే నువ్వే చెప్పు. నేనైతే చెప్పను."

మార్కాపురం రోడ్డు స్టేషన్‌లో ప్యాసింజర్ రైలు ఎక్కాం. దారిలో ఆమె కిటికీ వైపు తిరిగి పల్లీలు తింటూ కూర్చుంది. ఆ ఇంటికి చేరాక తను అరుగు చివరకు పోయి కూర్చుంది. నేనే చెప్పాల్సి వచ్చింది.

"మీరు బట్టలు పెట్టేటప్పుడు నేను అక్కడ లేను మామా. బయట బెలూన్లు తీస్తా ఉన్నా. వాళ్లు మిమ్మల్ని లెక్కచేయక కాదు, మర్చిపోయీ కాదు. తప్పు నాది."

ఆయన నా వైపు తిరిగాడు. "ఎన్నేళ్లు నీకు?" అని అడిగాడు. పదిహేడన్నాను. "ఈ మాట చెప్పేదానికి రైలెక్కి వచ్చినావా?" అన్నాడు. ఆ తర్వాత, "నేనైతే మళ్లా ఆ ఇంటికి పోను. వాళ్లనే ఆదివారం పిల్లను తీసుకోని రమ్మను. ఇక్కడ పెడతా" అన్నాడు.

ఇంటికి వచ్చి, దొడ్డికి తడిక కడుతున్న నాయనకు అంతా చెప్పాను. ఆయన కట్టు బిగించి, ముడి వేసి, అప్పుడు అడిగాడు.

"ఆయప్పకు ఫోన్‌లో చెప్పినావా, ఇంటికి పోయి చెప్పినావా?"

"పోయే చెప్పినా."

"మరింకేంది. ఆదివారం గొర్రెల కాడికి నేను పోతాలే. నువ్వు పోయి ఫోటో తీసుకోనిరా."

నాకు ఏడుపొచ్చింది. ఆయన చూడనట్టే రెండో తడిక తీసుకున్నాడు.

ఆదివారం తల్లీకూతుళ్లు కురిచేడు వచ్చారు. పిల్ల అవే బట్టలు మళ్లీ మడత పెట్టుకుని తెచ్చింది. చెల్లెలు అన్న ఇంట్లోకి కాలు పెట్టడం ఆరేళ్లలో అదే మొదలు. పొద్దున ఎండ మా వీపు మీద ఉంది. నేను బండల మీద గొంతుక్కూర్చున్నాను. అక్కడ పందిరి లేదు, చుట్టాలు లేరు, వెనక్కి వెళ్లి కూర్చోవడానికి వంటలూ లేవు. అందుకని అత్త నా వెనకే నిలబడింది. శుభకార్యం జరిగే చోట ఆమె అంత దగ్గరగా నిలబడటం నేను చూసింది ఆ ఒక్కసారే.

సాయంత్రం స్టూడియోలో కంప్యూటర్ మీద చూసి, "ఫోటో బాగుంది. నా నీడ పడింది, కోసెయ్" అంది. మామూలుగా చెప్పింది, టీ చల్లారిందని చెప్పినట్టు. నేను కోసేశాను. ఫ్రేము శుభ్రంగా వచ్చిందని సంతోషపడ్డాను కూడా. ఆ మాట ఆమె ఎందుకంది, ఎన్ని పెళ్లిళ్లలో కుర్చీ వెనక్కి జరుపుకుని ఆ మాట నేర్చుకుంది, నేను అడగలేదు. అడగనందుకు నాకు ఇప్పుడు సిగ్గుగా ఉంది. ఈరోజైతే కోయను.

ఆ ఇంటి ఆల్బమ్‌లో మొదటి పేజీలో ఉన్నది కోసిన ఫోటో. కోయనిది నా దగ్గర ఉంది. అందులో మామ పళ్లెం ముందుకు చాపాడు, పిల్ల రెండు చేతులూ పట్టింది, పక్కన తల్లి కొంగుతో మూతి కప్పుకుంది. కింద బండల మీద, నా పొట్టి నీడను దాటుకుని, వాళ్ల ముగ్గురి పాదాల దాకా అత్త నీడ సాగి ఉంది. ఒక చెయ్యి పైకి లేచి ఉంది, నన్ను ఇంకొంచెం ముందుకు జరగమంటూ.