ఒంటిరెక్క ఎడ్విన్

ఇంగ్లాండులోని కీత్లీ ఊళ్లో ఎడ్విన్ సగ్డెన్ ఇల్లెక్కడ అని అడిగితే జనం తెల్లమొహం వేసేవారు. ఒంటిరెక్క ఎడ్విన్ అంటే మాత్రం మిల్లు గేటు దగ్గర కాపలావాడు కూడా సందు చివరిదాకా వచ్చి చూపించేవాడు. మనిషికి కాళ్లూ చేతులూ నిక్షేపంగా ఉన్నాయి. ఆ పేరు అతని విమానాల వల్ల వచ్చింది.

అతనిది ఉన్ని మిల్లులో మగ్గాలు బాగుచేసే పని. పగలంతా చెవులు చిల్లులు పడే మోత. సాయంత్రం ఇంటికొచ్చి, కాస్త తిని, వెనకగది కిటికీ పక్కన బల్ల ముందు కూర్చుని, సీసా అడుగుల్లాంటి కళ్లద్దాలు తుడుచుకుంటే ఇక అతనికి ఊరితో పని లేదు. మొదటి ప్రపంచయుద్ధంలో కర్రలకు గుడ్డ తొడిగి, తీగలు బిగించి ఎగరేసిన జంటరెక్కల విమానాలున్నాయే, వాటిని డెబ్భై రెండో వంతుకు కుదించి, ప్లాస్టిక్‌తో కట్టి రంగులు వేసేవాడు. ఒక్కొక్కటి జానెడు కూడా ఉండదు. అందులో కూర్చునే చోటు గోరంత. ఆ గోరంతలోనే సీటు మీద తోలు మడతలు, గడియారాల్లో ముళ్లు, బెల్టుకు బకిల్సు అన్నీ ఉండేవి. మూడే వెంట్రుకలున్న బ్రష్షుతో, ఊపిరి బిగబట్టి వేసేవాడు.

అంతవరకు బ్రహ్మాండం. ఆ పైన పెట్టాల్సిన రెండో రెక్క మాత్రం పెట్టేవాడు కాదు.

బల్ల వెనక అలమారాలో ఇరవై ఆరు విమానాలు, ఇరవై ఆరూ కింది రెక్కలతోనే. పై రెక్కలన్నీ వేరే అట్టపెట్టెలో, రంగులు వేసి, దూది చుట్టి భద్రంగా ఉండేవి. ఎవరైనా అడిగితే అతని దగ్గర జవాబు సిద్ధం. "పై రెక్క పెట్టేస్తే లోపలి పనితనం ఎవరికి కనబడుతుందండీ?"

అది సగం నిజం. మిగతా సగం భయం. పై రెక్క నిలబడాలంటే సన్నటి పుల్లలు పన్నెండు, పన్నెండూ ఒకే క్షణంలో వాటి గుంటల్లో కూర్చోవాలి. ఒకటి జారిందా, మిగతా పదకొండూ దాని వెంటే. కుర్రతనంలో మొదటిసారి కట్టిన విమానానికి రెక్క వంకరగా అంటుకుపోయింది. జిగురు మరకలతో అది కుంటికాకిలా తయారైంది. ఆ రోజు అతను నేర్చుకున్నదేమిటంటే, పూర్తి కానిదానికి ఎవరూ వంక పెట్టలేరని. పాపం, అది తప్పు పాఠమని చెప్పేవాళ్లు లేకపోయారు.

మేవిస్ బారక్లఫ్ విషయంలోనూ అంతే జరిగింది.

మేవిస్ బజారు వీధి బేకరీలో కౌంటరు దగ్గర పనిచేసేది. పదమూడేళ్ల కిందట ఎడ్విన్ బొమ్మ విమానాల క్లబ్బుకు తన విమానం మోసుకెళ్లడానికి ఖాళీ కేకు పెట్టె కావాలని వెళ్లాడు. "ఖాళీది ఇవ్వం. లోపల ఏదన్నా ఉండాలి," అంది మేవిస్. ఒక కస్టర్డ్ టార్టు కొన్నాడు. తర్వాతి గురువారం మళ్లీ వెళ్లాడు. అలా గురువారాలు టార్టులయ్యాయి, ఆదివారాలు హావర్త్ గుట్టల మీద నడకలయ్యాయి. ఎండైనా వానైనా మేవిస్ నెత్తిన పసుపు ఉన్ని టోపీ, దాని కొనన ఎర్ర ఉన్ని బంతి. అరమైలు అవతల నుంచే మేవిస్ వస్తోందని తెలిసిపోయేది.

రెక్కల మధ్య తీగలకు నైలాన్ మేజోళ్ల పోగులు బాగుంటాయని అతను ఒకసారి అన్నాడు. అప్పట్నుంచి ఆమె చిరిగిన మేజోళ్లన్నీ ఉతికి, మడిచి ఇచ్చేది. పై రెక్కే లేనప్పుడు తీగలు దేనికి కడతాడు? పదమూడేళ్ల మేజోళ్లు బిస్కెట్ల డబ్బాల్లో పేరుకుపోయాయి. ఒకసారి గ్యాసు మీటరు చూడటానికొచ్చిన మనిషి ఆ డబ్బా మూత తెరిచి, ఎడ్విన్ వంక ఒక చూపు చూసి, మీటరు చూడకుండానే వెళ్లిపోయాడు.

క్లబ్బులో టెడ్ లమ్ అని పెద్ద నోటిమనిషి ఉండేవాడు, ఎడ్విన్‌కి చిన్ననాటి స్నేహితుడు. "ఏరా, ఆ పిల్లని ఎప్పుడు అడుగుతావు? అడగందే అమ్మైనా అన్నం పెట్టదు," అనేవాడు.

"చూద్దాం లేరా. ఇంకా కొంచెం..."

"కొంచెం ఏంటి? రంగుకు ముందు ప్రైమర్ పూత వెయ్యాలా ఆవిడకి?"

అది పందొమ్మిది వందల డెబ్భై నాలుగో సంవత్సరం, మే నెల. గుట్ట మీద గోడ పక్కన కూర్చుని ఫ్లాస్కులో టీ తాగుతుండగా మేవిస్ చెప్పింది. విట్బీలో ఆమె అక్క ఎడ్నా భర్త పోయాడు. సముద్రం ఒడ్డున ఎనిమిది గదుల బస ఇల్లు ఒక్కతే నడపలేకపోతోంది. వచ్చి సగం పని, సగం రాబడి తీసుకోమని రాసింది.

"రెండు వారాల్లో, సోమవారం కల్లా జవాబు రాయమంది," అంది మేవిస్. టీ కప్పులోకే చూస్తూ, "నేనెళ్లకుండా ఉండటానికి ఏమన్నా కారణం ఉందంటావా?"

 ఎడ్విన్ నోరు తెరిచాడు.

"విట్బీకి మూడు చోట్ల రైలు మారాలి."

"అంతేనా?"

"దారిలో టీ కూడా సరిగ్గా దొరకదు."

మేవిస్ ఫ్లాస్కు మూత బిగించింది. లేచి కొండ దిగసాగింది. ముందు నడుస్తున్న ఎర్ర బంతిని చూస్తూ ఎడ్విన్ తన నోటిని తానే తిట్టుకున్నాడు. ఆమె వెళ్లిపోతే గురువారాలేం చెయ్యాలో, ఆదివారాలేం చెయ్యాలో అతనికి తెలియలేదు. ఏడుపొచ్చినంత పనైంది.

నోట్లో నాలుక లేనివాడికి దేవుడు వేళ్లిచ్చాడు. ఆ సాయంత్రమే బి.ఇ.2 అనే విమానం మొదలుపెట్టాడు. అసలు విమానంలో ఇద్దరు కూర్చుంటారు. నడిపేవాడు వెనక, చుట్టూ చూసి నేల మీద సంగతులు రాసుకునే పరిశీలకుడు ముందు. ఆ ముందు సీటులో మెంతిగింజంత తలతో ఒక బొమ్మ పెట్టాడు. ఆ తల మీద పసుపు ఉన్ని టోపీ. టోపీ కొనన, సూదిమొనతో, ఎర్ర బంతి. ఒళ్లో తెల్లటి కేకు పెట్టె. నాలుగు సాయంత్రాలు ఒక్క ముఖానికే పట్టింది. రెండో శనివారం, మేవిస్ గడువుకు రెండు రోజుల ముందు, చాపెల్ హాల్లో క్లబ్బు పోటీ. ముందురోజు శుక్రవారం సాయంత్రం ఆరింటికి మేవిస్ కేకు పెట్టె తెస్తానంది. అప్పుడు చూపిస్తాడు. ఆమె చూస్తుంది. ఇక మాటలతో పనేముంది? ఇదీ అతని పథకం.

శుక్రవారం ఐదింటికి టెడ్ వచ్చాడు. చంకలో, రెక్క కుదురుగా నిలవడానికి అగ్గిపెట్టెలతో తనే చేసిన చట్రం.

"ఇదిగో ఒంటిరెక్కా, ఈ ఏడు కూడా పోటీలో నీ విమానం అసంపూర్తి వాటి బల్ల మీద కూర్చుంటే నాకు తలకొట్టేసినట్టుంటుంది. పై రెక్క తియ్. నేను పట్టుకుంటా, నువ్వు అంటించు."

"ఇవాళ వద్దురా..."

"పదమూడేళ్లుగా ఇదే పాట! తియ్యి!"

చట్రం నిజంగానే బాగుంది. ఎడ్విన్‌లోని పనివాడికి చెయ్యి దురద పుట్టింది. టెడ్ ఊపిరి బిగబట్టి రెక్క పట్టుకున్నాడు, ఎడ్విన్ పట్టకారుతో పుల్లలు ఒక్కొక్కటీ సర్దాడు. ఎనిమిది, తొమ్మిది, పది. పన్నెండోది టిక్కున కూర్చుంది. ఇద్దరు నడివయసు మగాళ్లు వెనకగదిలో చిన్నపిల్లల్లా గంతులేశారు. ఆ ఊపులోనే ఎడ్విన్ డబ్బా తెరిచి, మేజోడు పోగులు లాగి, చకచకా తీగలు కట్టేశాడు. టెడ్ అతని వీపు మీద ఒక్కటి చరిచి వెళ్లిపోయాడు.

అప్పుడు గుర్తొచ్చింది. వంగి చూశాడు. ముందు సీటు సరిగ్గా పై రెక్క కిందకి వచ్చింది. చుట్టూ పుల్లలు, తీగలు, లోపల కటిక చీకటి. లాగితే అన్నీ విరుగుతాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టయింది. ఇరవై ఆరు విమానాలకు పెట్టాల్సిన రెక్క పెట్టకుండా ఊరుకున్న మనిషి, పెట్టకూడని ఒక్కదానికి పెట్టి కూర్చున్నాడు.

మేవిస్ వచ్చింది. బల్ల వైపు చూసి ఆగిపోయింది.

"అమ్మో! రెక్క పెట్టేశావే!"

"లోపల చూడు మేవిస్."

ఆమె వంగింది. టోపీ సర్దుకుని మళ్లీ వంగింది. "ఏం కనబడటం లేదు. చీకటిగా ఉంది. ఏముంది లోపల?"

చెప్పెయ్యాలి. అతని పెదాలు కదిలాయి. "సీట్లు," అన్నాడు.

"బాగుంది. నేను వెళ్లేలోపు ఒకటన్నా పూర్తిచేశావు," అంది మేవిస్. పెట్టె బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది.

శనివారం చాపెల్ హాలు కిటకిటలాడింది. ఓ మూల మేవిస్ బేకరీ తరఫున టీ, బన్నులు అందిస్తోంది. న్యాయనిర్ణేత ఇలింగ్‌వర్త్ గారు రిటైరైన లెక్కల మాస్టారు. ఒక చేతిలో పెన్నంత టార్చిలైటు, ఇంకో చేతిలో పళ్లడాక్టరు వాడే బుల్లి అద్దం. విమానం బొడ్డులో దాగిన తప్పు కూడా ఆయన కంట పడాల్సిందే. పైగా మార్కులు ఎందుకు కోశాడో అందరిముందూ గట్టిగా చదవడం ఆ క్లబ్బు ఆచారం. ఏటా ఎవరో ఒకరు మొహం మాడ్చుకుని ఇంటికెళ్లేవారు.

ఆయన ఎడ్విన్ విమానం దగ్గర చాలాసేపు ఉన్నాడు. టార్చి లోపలికి వేశాడు. అద్దం తిప్పాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు. 

"సగ్డెన్ గారి బి.ఇ.2," అని కాగితం ఎత్తి చదివాడు ఇలింగ్‌వర్త్. "తీగల పని అద్భుతం. రంగు నిర్దోషం. ఇన్నేళ్లకు పై రెక్క వచ్చినందుకు అభినందనలు." జనం చప్పట్లు కొట్టారు. ఆయన చెయ్యెత్తాడు. "అయితే ఘోరమైన చారిత్రక దోషం ఒకటుంది. పరిశీలకుడి సీటులో ఆడమనిషి కూర్చుని ఉంది. తల మీద సైన్యం ఇచ్చిన తోలు టోపీ లేదు. పసుపు ఉన్ని టోపీ, దానికి ఎర్ర బంతి. ఒళ్లో తుపాకి ఉండాల్సిన చోట, నా అంచనా ప్రకారం, కేకు పెట్టె. పదిహేను మార్కులు కోత. కప్పు లమ్ గారిది."

మామూలుగా అయితే నవ్వులు రావాలి. రాలేదు. హాల్లో ఉన్న తలలన్నీ టీ బల్ల వైపు తిరిగాయి. అక్కడ ఒకే ఒక్క పసుపు టోపీ ఉంది.

మేవిస్ కెటిల్ కింద పెట్టింది. ఏప్రన్‌కి చేతులు తుడుచుకుంటూ వచ్చి, "ఇటివ్వండి," అని ఇలింగ్‌వర్త్ చేతిలోంచి టార్చీ అద్దమూ తీసుకుంది. వంగి చూసింది. ఎంతసేపో చూసింది.

"నా ముక్కు మరీ అంత పెద్దదా?"

"డెబ్భై రెండో వంతులో అంతకన్నా చిన్నగా రాలేదు," అన్నాడు ఎడ్విన్.

"నడిపేవాడి సీటు ఖాళీగా ఉందేం?"

ఎడ్విన్ టెడ్ వైపు చూశాడు. టెడ్ చేతిలో కప్పు పట్టుకుని పైకప్పు వైపు చూస్తున్నాడు. ఇక ఎవరూ ఆదుకోరు.

"నిన్ను అడక్కుండా ఎక్కితే బాగుండదని," అన్నాడు.

"అయితే పదమూడేళ్లుగా నడిపేవాడు లేకుండా నన్ను గాల్లో కూచోబెట్టావన్నమాట! ఏం మనిషివయ్యా నువ్వు?" మేవిస్ కళ్లు తుడుచుకుంది. "ఆ వెనక సీటు రెక్క కిందకి రాదుగా? వేలు పడుతుందా?"

"పట్టకారు పడుతుంది."

"రేపు నడకొద్దు. ఇంట్లో కూర్చుని అతగాణ్ణి చెయ్యి. ఇవాళా రేపూ అనకు, సోమవారం నేను ఎడ్నాకి రానని రాయాలి. అతగాడికి కళ్లద్దాలు మర్చిపోకు."

ఇలింగ్‌వర్త్ పెన్సిల్ బయటికి తీశాడు. "మిస్ బారక్లఫ్, ఆ రోజుల్లో కళ్లద్దాలవాళ్లని విమానం ఎక్కనిచ్చేవారు కాదు. ఇంకో ఐదు మార్కులు పోతాయి."

"పోనివ్వండి," అన్నాడు ఎడ్విన్.