వెనక వేసిన మూడు మూటలు

మా చిన్నప్పుడు... ఎమ్మిగనూరులో మేదరోళ్ళు ఏరు దాటే కొత్త పుట్టి అల్లి, తోలు కప్పి ఇచ్చినారు. దాన్ని నాగలదిన్నె రేవుకు చేర్చాల. పుట్టి మా ఊరి రెడ్డిది. బండీ, ఎద్దులూ మావి.

నాయన పుట్టిని బండి మీద బోర్లించి మోకుతో బిగించినాడు. ఎద్దుల్ని కట్టకముందు కాడిని ఒంటి చేత్తో ఎత్తి చూసినాడు... ఎప్పుడు బండి కట్టినా అట్లే చూసేవాడు. చేతికి కొంచెం బరువు తగలాల. మరీ ఎక్కువైతే ఎద్దుల మెడలు ఒరుసుకుపోతాయి. తేలిపోతే ఇంకా చేటు... బండి వెనక్కి తూగి, కాడి పైకి లేచి, మెడతాళ్ళు గొంతుకు బిగుస్తాయి.

అంతా సరిపోయినాక రెడ్డి మూడు సెనక్కాయల మూటలు తెప్పించి, పుట్టి వెనక మిగిలిన జాగాలో వేయించినాడు. నాయన మళ్ళీ కాడి ఎత్తినాడు. రెండు వేళ్ళకే లేచింది.

"వద్దప్పా రెడ్డీ, వెనక బరువైంది. మూటలు ఇంకో బండిలో ఏపిద్దాం."

"నాకు బండి కట్టేది నేర్పేంతోడివైతివా లేయ్? లాగేది ఎద్దులా, నువ్వా?"

చుట్టూ ఉన్నోళ్ళు నవ్వినారు. అందరూ సేద్యగాళ్ళే. అందరికీ తెలుసు... ఒక్కడూ నోరు తెరవలేదు.

అమ్మా నేనూ బండి వెంట నడిచినాం. వంక దాటి గడ్డ ఎక్కేటప్పుడు కాడి పైకి లేచింది. కుడిపక్క కట్టిన వలపటెద్దు ముందుకాళ్ళు గాల్లో... నాలుక బయటికొచ్చింది.

"యో, తాడు కొయ్యి! కొడవలి యాడ పెట్టినావు?" అని అమ్మ అరిచింది.

నాయన తాళ్ళు కోసేసరికి దాపటిది బతికింది. వలపటిది మళ్ళీ లేవలేదు.

కబురంది వచ్చిన రెడ్డి ముందు పుట్టిని చూసుకున్నాడు. తోలు చినగలేదు. తర్వాత అందరి ముందర అన్నాడు... "కట్టేది రానోనికి ఎద్దులెందుకు?"

నాయన వంగి తెగిన మెడతాళ్ళు ఏరుకున్నాడు. మా గుడిసె ఉన్న జాగా రెడ్డిదే మరి.

ఒంటెద్దుతో సేద్యం సాగదు. ఆ ఏడు వాన పడితే నాయన పరాయి చేలల్లో మడక తోలినాడు. మా చేను బీడు పడింది. ఊర్లో బరువు బండి కట్టాల్సొస్తే, "ఆయప్పను పిలవద్దు, ఎద్దు సస్తాది" అని ఎకసెక్కాలు.

ఇప్పుడు ఆ దావలో ట్రాక్టర్లే. ట్రాలీకి ఇనుప పిన్ను వేసి లాక్కుపోతారు... ఏ ఎద్దు గొంతూ బిగియదు. మంచిదే. మా నాయన మీద వేసిన ఆ మాటను మాత్రం ఆయన చచ్చేదాకా ఎవరూ తీసేయలేదు.

ఊరి పెద్దోళ్ళ తప్పును నెత్తిన మోసినోళ్ళు మీ ఇండ్లల్లో ఉంటే రాయండి... తప్పు ఎవరిదో అది కూడా రాయండి.